మా అవ్వ ఐదో కాన్పు

మా అవ్వ పోయిన తొమ్మిదో రోజు పొద్దున, జగిత్యాలలో మా అన్న ఇంటి ముందు ఇద్దరు మనుషులు నిచ్చెన వేసి ఒక ఫ్లెక్సీ కట్టారు. అందులో అవ్వ తానెన్నడూ కట్టని పట్టుచీర కట్టుకుని, ఎన్నడూ నవ్వని నవ్వు నవ్వుతోంది. ఫొటోను ఎవరో కంప్యూటర్‌లో దిద్దారట. కింద బంగారు రంగు అక్షరాలతో 'సహనశీలి, శాంతమూర్తి రాజవ్వ' అని ఉంది. నేను ముప్పై ఏళ్లు బడిలో తెలుగు చెప్పి రిటైరైన మనిషిని. అచ్చుతప్పులు పట్టడం అలవాటు. ఇంత పెద్ద అచ్చుతప్పును మాత్రం నా సర్వీసులో చూడలేదు. మా అవ్వకు తెలిసిన శాంతం ఒక్కటే, సిరిసిల్లలో మా వెనక వీధి శాంతమ్మ. ఆమెతో కూడా మా అవ్వకు మాటల్లేవు.

అసలు గొడవ ఆ బిరుదులతో కాదు, వాటి కింద ఉన్న పేర్లతో వచ్చింది. కుమారుడు సత్యం, కుమార్తె సుగుణ, అంటే నేను, మనుమరాలు స్వరూప అని వేయించాడు మా అన్న. మధ్యాహ్నం స్వరూప డ్యూటీ దిగి, కండక్టర్ ఖాకీ చొక్కాతోనే నేరుగా వచ్చింది. ఫ్లెక్సీ ముందు నిలబడి టికెట్ లేని ప్రయాణికుణ్ణి చూసినట్టు దాన్ని చూసి, "నా పేరు తప్పు పడ్డది, బిడ్డలల్ల వెయ్యిరి" అంది. "నువ్వు నా బిడ్డవు గదనే" అన్నాడు అన్న. "బడి రిజిస్టర్ల రాజవ్వ బిడ్డను, రేషన్ కార్డుల రాజవ్వ బిడ్డను. నీ ఫ్లెక్సీ మీదనే మనుమరాల్నయిన్నా?" అని ఆమె చెప్పులు విడిచి లోపలికి పోయింది. కూర్చున్న చుట్టాల్లో కుర్రవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "ఇంతకీ స్వరూపక్క ఆమెకు బిడ్డనా, మనుమరాలా?" అని ఒక పిల్ల నన్ను అడిగింది. ఆ మాట చెప్పగలిగిన వాళ్లలో మా బాపు ఏనాడో పోయాడు, ఇప్పుడు అవ్వ పోయింది. మిగిలింది నేను. పైగా ఆ కాన్పుకు కావలసిన కడుపును నెలనెలా కుట్టింది కూడా నేనే.

మా దిక్కు తల్లిని అవ్వ అంటాం, తండ్రిని బాపు అంటాం. మేం సిరిసిల్లలో నేతవాళ్లం. తాతల నాటి చేతిమగ్గం మూలకు పడి, బాపు వేరొకరి షెడ్డులో కరెంటు మగ్గాలు నడిపేవాడు. సాంచలు అంటారు వాటిని. ఆ సాంచల చప్పుడుకు మా వీధిలో అందరికీ గట్టిగా మాట్లాడే అలవాటు. అవ్వకు మాత్రం అలవాటు కాదు, పుట్టుక. ఆమె పొద్దున లేచి వాకిలి ఊడ్చి, తడిపి గోనెసంచిలో చుట్టిన తునికాకును బయటికి తీసి, ఒడిలో చాట పెట్టుకుని కూర్చుంటే బీడీల పని మొదలైనట్టు. ఆకు వాసన, తంబాకు ఘాటు, బాపు బనియన్ నుంచి వచ్చే నూలు దుమ్ము వాసన, ఈ మూడూ కలిస్తే మా ఇల్లు. అవ్వ వేళ్లు ఆకు చుడుతుంటే నోరు ఊరిని చుట్టేది. ఎవరింట్లో కూర మాడింది, ఎవరి కోడలు పుట్టింటికి పోయింది, గుడిపూజారి గంట ఎందుకు మెల్లగా కొడుతున్నాడు, అన్నిటి మీదా ఆమెకు తీర్పులుండేవి. అప్పీలు ఉండేది కాదు. బాపు సాయంత్రం వచ్చి కాళ్లు కడుక్కుని, ఆ రోజు తీర్పులన్నీ తలవంచుకుని వినేవాడు.

నలుగురిని కన్నది అవ్వ. ఇద్దరు పసితనంలోనే పోయారు. మిగిలినవాళ్లం అన్న, అతనికి ఏడేళ్ల తర్వాత నేను. అన్నను జగిత్యాలలో డిగ్రీ చదివించారు. వాడు సెలవులకు వచ్చినప్పుడల్లా గడ్డం పెరిగేది, పుస్తకాలు పెరిగేవి, తిండి తగ్గేది. ఒకసారి అవ్వ ఎదుట గొంతుక్కూర్చుని, ఆమె కష్టాన్ని ఎవరెట్లా దోచుకుంటున్నారో అరగంట వివరించాడు. అవ్వ తలెత్తకుండా వింది. చివరికి చాటలోంచి ఒక గుప్పెడు ఆకు తీసి వాడి ముందు పెట్టి, "మంచిగ చెప్పినవ్ కొడుకా. గివి సుట్టుకుంట చెప్పు, నాకు జెర ఆసరైతది" అంది. వాడికి బీడీ చుట్టడం రాదు. ఆ తర్వాత వాడు ఆమెకు పాఠం చెప్పలేదు. ఆ వేసవి దాటాక ఇంటికే రాలేదు. లోపలికి పోయాడని ఊరందరికీ తెలిశాక మాకు తెలిసింది. లోపలికి అంటే అడవిలోకి. ఆ రోజుల్లో మా జిల్లాలో ఆ మాటకు ఇంకో అర్థం లేదు. మా వీధిలో వాణ్ణి ఎత్తుకుని ముక్కు తుడిచిన ఆడవాళ్లు కూడా "అన్నలల్ల కలిసిండట" అని గౌరవంగా గుసగుసలాడితే, అవ్వ, "ఆనికి నేను అవ్వను. మీ అందరికి అన్న ఎప్పుడైండే?" అని గయ్యిమనేది.

నా సంగతి కూడా దాచకూడదు. నాకప్పుడు పదహారేళ్లు. ఇంటర్ చదువుతూ, నోటుబుక్కులో ప్రతి పాదంలోనూ 'ఎర్ర' అన్న మాట వచ్చేలా కవిత్వం రాసేదాన్ని. ఎర్ర సూరీడు, ఎర్ర నేల, చివరికి ఎర్ర వాన కూడా కురిపించాను. అన్న వెనకే నేనూ పోతానని మనసులో ఒక తేదీ కూడా పెట్టుకున్నాను. ఆ తేదీకి నాకు జ్వరం వచ్చింది.

అన్న పోయినప్పటి నుంచి వారానికొకసారి ఎస్సై మా ఇంటికి వచ్చేవాడు. మంచం వాల్చుకుని కూర్చుని, చాయ తాగి, "కొడుకు ఉత్తరం రాసిండా" అని అడిగి పోయేవాడు. అవ్వ కూడా లెక్కగానే మాట్లాడేది. "ఆడు ఇంట్ల ఉన్నప్పుడే మాట్లాడలే సార్, అడివిల కెళ్లి ఉత్తరం రాస్తడా" అనేది. కాని ఒకనాడు బాపును సాంచల దగ్గరి నుంచే తీసుకుపోయారు. రెండు రోజుల తర్వాత వదిలారు. గోడ పట్టుకుని నడిచి వచ్చాడు. అరికాళ్లు ఉబ్బి, చెప్పులు ఎక్కలేదు. అవ్వ ఆ పాదాలను వేడి నీళ్లలో పెట్టి, ఉప్పు వేసి, గంటసేపు ఒత్తింది. నేను ఆమెను అంత మౌనంగా చూడటం అదే మొదలు. మర్నాడు బాపు ఆ కాళ్లతోనే పోయి సాంచల ముందు నిలబడ్డాడు.

ఆ తర్వాత వచ్చిన దసరా ముందర, కోనరావుపేట దిక్కు నుంచి ఒకామె గంపలో సీతాఫలాలు పెట్టుకుని మా వీధికి వచ్చింది. మా గడప దగ్గరే గంప దించి, పండ్లు ఏరుతున్నట్టు వంగి, మెల్లగా మాట్లాడింది. పక్కన కూర్చుని నేను విన్నాను.

"నీ కొడుకు మంచిగున్నడవ్వా. ఆడనే పెండ్లి చేసుకున్నడు. కోడలు నీళ్లు పోసుకున్నది."

అవ్వ చేతిలోని పండును అటూ ఇటూ తిప్పింది. "ఎవలోల్ల పిల్ల?" అంది.

"మాకు కులాలు లేవవ్వా."

"మీకు లేకుంటే లేకపాయె. ఆమెకు అవ్వ ఉంటది గద. ఏ ఊరు? పేరేంది?"

"మణెమ్మ. కొడిమ్యాల దిక్కు. కూలోల్ల పిల్ల, చర్చికి పోతరు." ఆమె ఒక క్షణం ఆగి అసలు మాట చెప్పింది. పసిపిల్లను అడవిలో పెంచలేరు. ఏడుపు వినబడితే దళమంతా దొరికిపోతుంది. పుట్టగానే బయటికి పంపాలి. ఎక్కడో దూరాన పిల్లలు లేనివాళ్లు ఒకరున్నారు, వాళ్లకు ఇవ్వాలనుకుంటున్నారు. "నీకు చెప్పి పొమ్మన్నడు" అంది.

"నా కొడుకు పిల్లను పరాయోల్లకిస్తరా? తెచ్చి నాకియ్యిరి" అంది అవ్వ. ఆ తర్వాత, పుచ్చు పండ్లు కలిపావని ఆమెను వీధి అంతా వినేలా తిట్టి పంపింది. వీధి కోసం తిట్టిందనుకున్నాను. లోపల చూస్తే నిజంగానే రెండు పుచ్చులున్నాయి.

ఆ సాయంత్రం అవ్వ మా ఇద్దర్నీ కూర్చోబెట్టి లెక్క చెప్పింది. ఇంట్లోకి ఉన్నట్టుండి పసిపిల్ల వస్తే ఎస్సైకి తెల్లారేసరికి తెలుస్తుంది. ఆ పిల్లను ఎర వేసి కొడుకును పట్టుకుంటారు. ఎస్సై నమ్మకపోయినా వీధి నమ్మే కథ ఇంకొకటి ఉంది, పెళ్లికాని పదహారేళ్ల ఆడపిల్ల ఇంట్లో ఉంది కదా. అందుకని పిల్లను కనవలసింది అవ్వే. "నేను నీళ్లు పోసుకున్న" అని ప్రకటించింది. బాపు చేతిలోని ముద్ద కంచంలో పడింది. "నలభై ఆరేండ్లకా? నా ఇజ్జత్ పోతదే" అన్నాడు. "నీ ఇజ్జత్ పోతె మల్ల తెచ్చుకుందాం. పిల్ల పోతె తెస్తవా?" అంది. ఆమె తీర్పులకు అప్పీలు లేదని ముందే చెప్పాను.

సద్దుల బతుకమ్మ నాడు వీధి ఆడవాళ్లందరూ చుట్టూ తిరిగి ఆడుతుంటే, అవ్వ మధ్యలో ఆగి, పక్కకు పోయి భళ్లున వాంతి చేసుకుంది. అంతకు ముందే చిటికెడు పచ్చి తంబాకు నమిలి మింగిందని నాకొక్కదానికే తెలుసు. పక్కింటి గంగవ్వ వీపు నిమిరి, ముఖంలోకి చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మా వీధిలో వార్త చేరడానికి పేపరు అక్కర్లేదు, గంగవ్వ కొంగు అడ్డం పెట్టుకుంటే చాలు. మర్నాటికి సాంచల షెడ్డులో బాపుకు నరకం మొదలైంది. చాయ హోటల్లో ఆయన కూర్చుంటే పెద్దమనుషులు జరిగి చోటిచ్చి మరీ నవ్వేవారు. మొదట్లో తల ఎత్తలేకపోయాడు. కాని అయిదో నెల వచ్చేసరికి నేను ఒకటి గమనించాను. బాపు అద్దం ముందు నిలబడి మీసం దువ్వుతున్నాడు.

కడుపు తయారీ నా పని. సాంచల కింద మిగిలిన నూలు బాపు లుంగీలో ముడేసి తెచ్చేవాడు. పాత లంగా బట్టలో దాన్ని కూరి, చుట్టూ కుట్టి, నాడాలు పెట్టేదాన్ని. నెలనెలా విప్పి ఇంకొంత నూలు కూరడం. విప్లవానికి నేను చేసిన సాయం మొత్తం ఇదే. ఒకసారి ఎడమవైపు ఎక్కువ కూరితే అవ్వ అద్దంలో చూసుకుని, "నీ కవితలు గిట్లనే రాస్తవా? ఒక దిక్కే బరువు" అంది. నా కవిత్వానికి అంత సరైన విమర్శ తర్వాత ఎవరూ రాయలేదు. ఆ కడుపు మీద చాట నిలవక బీడీల పని కష్టమైంది. ఎండలు ముదిరాక నూలు చెమటకు తడిసి, నడుం చుట్టూ పొక్కులు లేచాయి. రోజూ నేను పొడి బట్టతో తుడుస్తుంటే పళ్లు బిగించి, "నిజం కడుపే నయముండె" అనేది. సర్కారు నర్సమ్మ వచ్చి పరీక్ష చేస్తానంటే గుమ్మంలోనే నిలిపి, "నలుగురిని కన్న. నా కడుపుకు నీ సంతకం కావాల్నా?" అని పంపేసింది. ఆ నర్సమ్మ మంచిది, ఐరన్ మాత్రలు ఇచ్చి పోయింది. అవి నేను మింగాను.

మామిడికాయలు అమ్ముకుంటూ ఆ కోనరావుపేట ఆమె మళ్లీ వచ్చి, రోజు చెప్పింది. అవ్వ పుట్టిల్లు కోరుట్ల. కాన్పుకు పుట్టింటికి పోతున్నానని చెప్పి, నన్ను తోడు తీసుకుని బయల్దేరింది. నలభై ఆరేళ్ల మనిషి నిండు కడుపుతో పుట్టింటికి కాన్పుకు పోవడం చూడటానికి వీధి వీధంతా అరుగుల మీదికి వచ్చింది. కోరుట్లలో మేనమామ ఇంట్లో మూడు రోజులున్నాం. మేనమామకు సంగతి తెలుసు. అత్తమ్మకు తెలియదు, తెలిస్తే కోరుట్ల మొత్తానికి తెలుస్తుందని అవ్వ తీర్పు. నాలుగో రోజు, జగిత్యాల పెద్దాసుపత్రికి పోతున్నామని చెప్పి బస్సెక్కాం.

జగిత్యాల బస్టాండులో మిట్టమధ్యాహ్నం. ఆడవాళ్లు కూర్చునే బల్ల మీద కూర్చున్నాం. కొత్తగా పెళ్లయినట్టున్న ఒక జంట వచ్చి మా పక్కన కూర్చుంది. ఆ పిల్ల చేతిలోని బట్టల మూటలాంటి దాన్ని అవ్వ పక్కన పెట్టి, "అవ్వా, జెర సూస్తుండు, నీళ్లు తెచ్చుకుంటం" అని లేచింది. ఇద్దరూ నల్లా దాటి, గేటు దాటి పోయారు. అవ్వ మూట విప్పింది. పదకొండు రోజుల ఆడపిల్ల. కళ్లు మూసుకుని, పిడికిళ్లు బిగించి ఉంది. దొప్పల్లా విచ్చుకున్న చెవులు, అచ్చంగా మా అన్నవే. అవ్వ ఆ చెవులను వేలితో తాకి, వెంటనే బట్ట కప్పేసింది. మూటలో ఒక చీటీ ఉంది. "ఏం రాసిండ్రు?" అంది. "పేరు అరుణ అని" చదివాను. "అరుణనా? ఎర్ర జెండ పట్టుకొని ఠాణాకు పోయినట్టుంటది. స్వరూప" అని అప్పటికప్పుడు మార్చి, చీటీని నోట్లో వేసుకుని నమిలింది. ఆసుపత్రి వెనక సందులో నూలు కడుపు విప్పి సంచిలో పెట్టాను. ఇన్ని నెలల తర్వాత అవ్వ నడుం వంచి, హాయిగా ఊపిరి పీల్చింది.

ఆ పిల్లకు మేకపాలే పట్టాం. వయసు మీద పడింది కాబట్టి పాలు పడలేదని వీధికి చెప్పాం. కాని పిల్ల ఎంతకూ ఏడుపు ఆపనప్పుడు అవ్వ తలుపు వేసి, ఎండిపోయిన తన రొమ్మును దాని నోటికి అందించేది. అది కాసేపు చప్పరించి, మోసం తెలిసి, ఇంకా గట్టిగా ఏడ్చేది. "తిట్టు బిడ్డా, తిట్టు. నేనేం జేతు" అనేది అవ్వ. ఆమెను ఎవరైనా అంతగా కోప్పడితే ఊరుకోవడం నేను మొదట చూసింది అక్కడే.

ఇరవై ఒకటో రోజు తొట్టెల వేడుక చేశారు. అవ్వ బాపును ఠాణాకు పంపి ఎస్సైనే పిలిపించింది. బాపు పోయి చెప్పి వచ్చాడు. ఎస్సై ఇద్దరు జవాన్లతో వచ్చి, తొట్టెలోకి వంగి చూసి, జేబులోంచి మా అన్న ఫొటో తీశాడు. ఫొటో చూశాడు, పిల్లను చూశాడు. ఆడవాళ్ల పాటలు ఆగిపోయాయి.

"ఏం రాజవ్వా, పిల్ల చెవులు అచ్చం నీ కొడుకు చెవులే ఉన్నయి?"

"చెల్లెకు అన్న చెవులు రాక, నీ చెవులు వస్తయా సార్? గట్ల వస్తే మా ఆయన నన్ను ఇంట్ల ఉంచుతడా?"

ముందు గంగవ్వ నవ్వింది. తర్వాత వాకిలంతా నవ్వింది. జవాన్లిద్దరూ గోడవైపు తిరిగారు. ఎస్సై ముఖం కందగడ్డ అయింది. ఫొటో జేబులో పెట్టుకుని, పెట్టిన అన్నం తిని పోయాడు. ఆ రాజ్యాన్ని ఎదిరించడానికి తుపాకులు పట్టినవాళ్లు ఎందరో ఉన్నారు. దాన్ని చెవుల దగ్గర పట్టుకున్నది మాత్రం మా అవ్వే.

నేను ఇక్కడ ఆపితే బాగుంటుంది. చుట్టాలు నవ్వుకుని లేచిపోతారు. కాని స్వరూపకు రెండో ఏడు నడుస్తుండగా ఒక పొద్దున, చాయ హోటల్ పేపర్లో ఒక ఫొటో పడింది. నేల మీద పడుకోబెట్టిన ఇద్దరు మగవాళ్లు, ఒక ఆడమనిషి. మణెమ్మ, కొడిమ్యాల ప్రాంతం అని రాశారు. తల్లి పేరు మరియమ్మ అని కూడా. ఇంటికి తెచ్చి చదివి వినిపించాను. అవ్వ రెండుసార్లు చదివించుకుంది. లేచి, పొయ్యి మీద నీళ్లు పెట్టి, తాను తలమీద పోసుకుంది. పిల్లకూ తలంటు పోసింది. ఇంటి మనిషి పోతే చేసే స్నానం అది. "ఈ యాళప్పుడు స్నానమేంది?" అని గంగవ్వ గోడమీద నుంచి అడిగితే, "ఉబ్బరిస్తాంది" అంది.

రెండు నెలల తర్వాత ఆ మరియమ్మే వచ్చింది. ఎవరు చెప్పారో, ఎన్ని ఊళ్లు తిరిగిందో తెలియదు. నల్లని సన్నని మనిషి, మా అవ్వ ఈడుదే. వాకిట్లోకి రాకుండా బయటే నిలబడింది. స్వరూప అరుగు మీద కూర్చుని బీడీ ఆకుతో ఆడుకుంటోంది. "నా బిడ్డకు పిల్ల పుట్టిందట. ఈడున్నదట. ఒక్కపారి ఎత్తుకొని సూసి పోత" అంది మరియమ్మ. అవ్వ చాట కింద పెట్టి లేచి, పిల్లను చంకనేసుకుంది. "ఈమె నా బిడ్డ. నేను కన్న. వాడకట్టంత సూసింది. అడుగు పో" అంది. మరియమ్మ గొడవ పడలేదు. పిల్ల ముఖంలోకి చాలాసేపు చూసింది. ఏం కనబడిందో, కళ్లు దించుకుని, "అట్లనా. కొన్ని మంచినీళ్లియ్యి" అంది. అవ్వ చెంబు తెచ్చింది. మరియమ్మ దోసిలి పట్టింది. అవ్వ పైనుంచి ధారగా పోసింది. ఆమె తాగి, తడి చేతులు ముఖానికి రాసుకుని పోయింది.

"ఎందుకవ్వా గట్ల చెప్పినవ్?" అని నేను ఏడ్చాను. "ఆమె ఎనుక ఎవలు రాలేదని నీకెర్కనా?" అంది. ఆమె అన్నది నిజమే. ఆ రోజు చాయ హోటల్ దగ్గర కొత్త మనిషి ఒకడు సాయంత్రం దాకా కూర్చున్నాడు. ఆ అబద్ధం లేకపోతే మేమెవ్వరం మిగిలేవాళ్లం కాదేమో. కాని ఆ నీళ్లు పైనుంచి పొయ్యమని ఏ పోలీసూ చెప్పలేదు. ఆ మాట నేను ఆ రోజు అనలేకపోయాను. అవ్వ బతికున్నంత కాలం కూడా అనలేదు. ఇప్పుడు రాస్తున్నాను. ఎర్ర వాన కురిపించిన కవయిత్రిని, అరుగు మీదే ఉన్నాను, ఇంకో గ్లాసు తెచ్చి ఆమె చేతికివ్వాలని నాకూ తోచలేదు.

స్వరూపకు తొమ్మిదేళ్లున్నప్పుడు మా అన్న లొంగిపోయి బయటికి వచ్చాడు. దండలు వేశారు, పెద్ద అధికారుల పక్కన ఫొటో దించారు. "పోయేటప్పుడు నన్నడుగలే, వచ్చేటప్పుడు కలెక్టర్ను అడిగి వచ్చిండు" అంది అవ్వ, అంటూనే వాడికి ఇష్టమైన సర్వపిండి చేసి పెట్టింది. ఇప్పుడు వాడు జగిత్యాలలో ప్లాట్లు అమ్ముతాడు. ఒకప్పుడు ఏ గోడల మీద 'భూమి దున్నేవాడిదే' అని రాశాడో, అవే గోడల మీద ఇప్పుడు వాడి ఫోన్ నంబరు ఉంటుంది. ఎగతాళికి అనడం లేదు, ఆ గోడలకు ఎప్పుడూ ఎవరో ఒకరు ఏదో ఒకటి రాయాల్సిందే. అవ్వ వాడిని తన చివరి రోజు దాకా కడుపులో పెట్టుకుని చూసింది, ముసలితనంలో వాడూ ఆమెను చూశాడు. కాని వచ్చిన వారంలోనే వాడు స్వరూపను ఒళ్లో కూర్చోబెట్టుకుని, "నేను నీ బాపును" అన్నాడు. అది అప్పటిదాకా వాణ్ణి అన్న అని పిలుస్తోంది. బిత్తరపోయి దిగి, అవ్వ దగ్గరికి ఉరికింది.

అవ్వ దాని తలకు నూనె రాస్తూ అంతా చెప్పింది. నూలు కడుపు దగ్గర ఇద్దరూ నవ్వారు కూడా. "నేను నిన్ను కనలే. ఆని అవ్వను. నీకు బాపమ్మను" అంది చివరికి. పిల్ల కాసేపు ఆలోచించి, "మరి నా అవ్వ ఏది?" అంది. నూనె చెయ్యి దాని తల మీద అట్లాగే ఉండిపోయింది. తర్వాత అన్న వైపు తిరిగి, "కొడిమ్యాలకు పోయి ఆ తల్లికి మొఖం చూపిచ్చి రా" అంది. "ఏ మొఖం పెట్టుకొని పోవాలె అవ్వా?" అన్నాడు వాడు. "ఫొటో దిగిన మొఖమే పెట్టుకొని పో." వాడు కదల్లేదు. మర్నాడు పొద్దున అవ్వ పిల్లనూ నన్నూ తీసుకుని బస్సెక్కింది.

ఊరు చివర చిన్న పెంకుటిల్లు. మరియమ్మ వాకిట్లో కూర్చుని కందులు చెరుగుతోంది. జుట్టు పూర్తిగా నెరిసింది. తలెత్తి ముందు అవ్వను చూసింది, తర్వాత పిల్లను చూసింది. చాట కింద పెట్టలేదు.

"ఏం వదినె, ఇన్నేండ్లకు కాన్పయినవా?" అంది.

అవ్వ పోయి ఆమె ఎదుట నేల మీదే కూర్చుంది. "తప్పయింది" అంది. ఆ మాట ఆమె నోట పుట్టడం నేను మొదటిసారి విన్నాను. "నాదగ్గర ఇంక మాట లేదు."

"నా బిడ్డ కన్నది. నువ్వు పెంచుకున్నవ్. నాకేం మిగిలింది చెప్పు?"

"నేను మిగిలిన. తిట్టు."

మరియమ్మ చాట పక్కన పెట్టి మొదలుపెట్టింది. ముందు మెల్లగా, తర్వాత గొంతెత్తి. కులాన్ని తిట్టింది, అబద్ధాన్ని తిట్టింది, బిడ్డను తీసుకుపోయిన అడవిని తిట్టింది, శవాన్ని చూపించకుండా ఊళ్లు తిప్పినవాళ్లను తిట్టింది, మళ్లీ తిరిగి మా అవ్వ దగ్గరికే వచ్చి ఆమె వంశాన్ని తిట్టింది. మధ్యలో లేచి అన్నం వండి, తిడుతూనే వడ్డించింది. తిడుతున్న ఆమె చేతి అన్నాన్ని అవ్వ తల వంచుకుని తిన్నది. నలభై ఏళ్లు సిరిసిల్లలో ఎవరి మాటకూ బాకీ ఉండని మనిషి, ఆ పూట ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు. స్వరూప మొదట బెదిరి నా కొంగు పట్టుకుంది. కాసేపటికి అలవాటు పడి, మరియమ్మ తొడ మీద తల పెట్టి నిద్రపోయింది. అప్పుడు మరియమ్మ గొంతు తగ్గించింది కాని, ఆపలేదు. సాయంత్రం బస్సుకు మాతో పాటు రోడ్డు దాకా నడిచి వచ్చింది, ఒక చేత్తో పిల్ల చేయి పట్టుకుని, ఇంకా తిడుతూనే.